అంటు మొక్కకు వంశవృక్షమా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పోస్ట్ పంక్ బృందాల మీద వచ్చిన వ్యాసం చదివాం. తెలుగు పత్రికలో ఈ సంగీతానికి రెండు పేజీలు దొరకడం మామూలు విషయం కాదు, అందుకు సంతోషం. పేచీ అంతా మధ్యలో వేసిన వంశవృక్షంతోనే. మొదట్లో జాయ్ డివిజన్‌ని నిలబెట్టి, దాన్నుంచి ఇంటర్‌పోల్, నిర్వాణ, ఫ్రాంజ్ ఫెర్డినాండ్, రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ దాకా గీతలు లాగేశారు. చెవికి ఒకలా తగిలితే చాలు, సంతానం కింద రాసేశారు. ఆ గీతల్లో సగం తప్పు, కొన్ని తలకిందులు. వ్యాసం చూసి గిటారు పట్టే కుర్రాళ్లు మా అమలాపురం చుట్టూ చాలామందే ఉంటారు కాబట్టి, కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు కాలం సంగతి. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం కచేరీ జరిగింది. విన్నవాళ్లలో తర్వాత జాయ్ డివిజన్ కట్టిన పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ ఉన్నారు. హుక్ మర్నాడే వెళ్లి బేస్ గిటార్ కొనుక్కున్నాడు. వాయించడం రాకపోయినా బృందం కట్టొచ్చన్న ధైర్యం పంక్‌ది. ఆ ధైర్యాన్ని మాత్రం ఉంచుకుని, మూడు కార్డుల (ఒకేసారి మీటే స్వరాల గుంపుల) రాక్‌ని పక్కనపెట్టి, జమైకా డబ్‌నీ ఫంక్‌నీ డిస్కోనీ జర్మన్ సింథసైజర్లనీ కలుపుకున్నవాళ్లు పోస్ట్ పంక్ బృందాలు. అంటే మొదలే కలగలుపు. అందుకే దీనికి ఒక మూలపురుషుణ్ణి వెతకడం కుదరదు.

రెండు పాటలు ఒకలా వినిపిస్తే అందుకు కారణం మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఒకరి దగ్గర ఇంకొకరు నిజంగా తీసుకుని ఉండొచ్చు. ఇద్దరూ మూడోవాడి దగ్గర తీసుకుని ఉండొచ్చు. లేదా ఇద్దరూ ఒకే పెట్టె, అంటే ఒకే పెడల్ గానీ యాంప్ గానీ, కొనుక్కుని ఉండొచ్చు. మీ వ్యాసం ఈ మూడింటినీ ఒకే గీతతో గీసింది.

బేస్‌తో మొదలుపెడదాం. హుక్ బేస్‌ని కింది తీగల మీద కాకుండా పై రెండు తీగల మీద, మెడ మధ్య నుంచి పైకి, పాట వరసలా వాయిస్తాడు. ఇది సిద్ధాంతం కాదు, పేదరికం. మొదట్లో అతని యాంప్ నాసిరకం. సమ్నర్ గిటార్ హోరులో కింది స్వరాలు అతనికే వినపడేవి కావు, పైకి వెళితే వినపడేవి. గాయకుడు ఇయాన్ కర్టిస్‌కి ఆ పైస్థాయి నచ్చి అలాగే వాయించమన్నాడు. బేస్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అన్నిటికన్నా సన్నటి తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే 196. ఈ తేడా కాగితం మీద లెక్క మాత్రమే కాదు. సెల్‌ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందివాటిని దాదాపు మింగేస్తుంది. హుక్ వాయించింది పైస్వరాల సాయంతో ఫోన్లో కూడా బతుకుతుంది. అదే పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ బృందంలో జా వోబుల్ బేస్ వినండి. మందంగా, టోన్ బాగా తగ్గించి, కింది తీగల మీద నడుస్తుంది. ఫోన్లో అది మాయమై, గాయకుడు జాన్ లైడన్ కేకలూ కీత్ లెవీన్ గిటార్ గీరుళ్లూ మాత్రం మిగులుతాయి. ఫోన్లో వినేవాడికి పోస్ట్ పంక్ బేస్ అంటే హుక్ ఒక్కడే అనిపించడం సహజమే. మీ వంశవృక్షం వేసినవారు ఏ స్పీకర్‌లో విన్నారో గానీ, వోబుల్ కొమ్మ అందులో అసలు లేదు. 1979 నవంబరులో మూడు పన్నెండంగుళాల రికార్డుల్ని గుండ్రటి రేకు డబ్బాలో పెట్టి అమ్మిన 'మెటల్ బాక్స్' ఆల్బమ్‌ని వదిలేసి పోస్ట్ పంక్ చరిత్ర ఎలా రాస్తారు?

ఇక జాయ్ డివిజన్ ధ్వని. 'అన్‌నోన్ ప్లెజర్స్' 1979 ఏప్రిల్లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో రికార్డయింది, జూన్‌లో విడుదలైంది. రికార్డింగు నడిపించింది మార్టిన్ హానెట్. డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత డ్రమ్ములన్నీ కలిపి కాకుండా విడివిడిగా వాయించాడు. ఒక డ్రమ్ము మోత ఇంకొక దాని మైకులోకి కారకూడదన్నది అతని పట్టుదల. అలా శుభ్రంగా విడిపోయిన స్నేర్ (చుర్రుమని మోగే చిన్న డ్రమ్ము) దెబ్బని ఏఎంఎస్ డిజిటల్ డిలే పెట్టెలోకి పంపి, మిల్లీసెకన్ల తేడాతో రెండోసారి మోగించాడు. ఖాళీ గోడౌన్‌లో ఎవరో తలుపు కొట్టినట్టుండే ఆ మోత అక్కడిది. 'షీ'జ్ లాస్ట్ కంట్రోల్'లో 'చిస్' మనే చప్పుడు స్ప్రే డబ్బాది. 'ఇన్‌సైట్'లో కర్టిస్ గొంతుని టెలిఫోన్ లైను గుండా పంపి రికార్డు చేశారు.

అసలు మలుపు ఇక్కడుంది. హుక్‌కీ సమ్నర్‌కీ ఈ ఆల్బమ్ ధ్వని నచ్చలేదు. వేదిక మీద తాము వాయించే మొరటుదనం చల్లారిపోయిందని బాధపడ్డారు. 2000 తర్వాత బృందాలు 'జాయ్ డివిజన్‌లా' వినిపించాలని ఆ దూరపు స్నేర్‌నీ ఆ చీకటి గదినీ పెట్టుకున్నప్పుడు వాళ్లు అనుకరించింది బృందాన్ని కాదు, హానెట్‌ని. కడియం నర్సరీల్లో అంటు కట్టిన మామిడిని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వేరు ఒక చెట్టుది, కాయ ఒక చెట్టుది. కాయ రుచి చూసి వేరు కులం చెబితే ఎలా? ఇంటర్‌పోల్ 2002 ఆల్బమ్‌కి జాయ్ డివిజన్ నుంచి గీత గీయాలంటే ఆ గీత హానెట్ మీదుగా పోవాలి. ఇంటర్‌పోల్ గాయకుడు పాల్ బ్యాంక్స్ గొంతు కర్టిస్‌లా మందంగా ఉంటుందన్న మాట సాక్ష్యం కాదు, గొంతు ఎవరి దగ్గరా నేర్చుకునేది కాదు.

ఫ్రాంజ్ ఫెర్డినాండ్, చిల్లీ పెప్పర్స్ గీతలు జాయ్ డివిజన్ నుంచి తీసేసి లీడ్స్ బృందం గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌కి కలపండి. ఆ బృందం గిటారిస్ట్ ఆండీ గిల్ వాల్వ్ యాంప్ జోలికి పోకుండా ట్రాన్సిస్టర్ యాంప్ మాత్రమే వాడేవాడు. వాల్వ్ యాంప్‌లో గట్టిగా మీటితే స్వరం కాస్త నలిగి, మెత్తబడి, సాగుతుంది. ట్రాన్సిస్టర్‌లో ఆ దయాదాక్షిణ్యాలు లేవు, దెబ్బ పడి తెగిపోతుంది. గిల్‌కి కావాల్సింది ఆ తెగడమే. 1979 ఆల్బమ్ 'ఎంటర్‌టైన్‌మెంట్!'లో గిటార్ సోలోలు లేవు. గిటార్ నాలుగు దెబ్బలు కొట్టి నోరు మూసుకుంటుంది, ఆ ఖాళీలో డేవ్ అలెన్ బేస్, హ్యూగో బర్న్‌హామ్ డ్రమ్స్ మాట్లాడతాయి.

దీన్ని సాధన చేసేవాళ్లు నూటికి తొంభైమంది ఒకచోటే చెడిపోతారు, డిస్టార్షన్ పెడల్ దగ్గర. పాట కోపంగా ఉంది కాబట్టి పెడల్ తొక్కుతారు. తొక్కగానే కార్డు సాగి ఖాళీలన్నీ నిండిపోతాయి, బేస్ మునిగిపోతుంది, మామూలు రాక్ మిగులుతుంది. చేయాల్సింది వేరు. యాంప్‌లో గెయిన్ తగ్గించండి, ట్రెబుల్ పెంచండి, రివర్బ్ పూర్తిగా ఆపండి. కుడి మణికట్టు పదహారో వంతు లెక్కలో ఆగకుండా ఊగుతూనే ఉండాలి. ఎడమ చేయి తీగల్ని ఒక్క క్షణం నొక్కి వెంటనే వేళ్లు సడలించాలి. వేళ్లు పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగలు మోగుతాయి, ఆనించి ఉంచితే 'టక్' మని చచ్చిన చప్పుడు వస్తుంది. ఆ చచ్చిన చప్పుడే సగం పాట. ఇంకొక మాట, ఈ సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పుపట్టి మొద్దుబారతాయి. మొద్దు తీగలతో గిల్ వాయింపు ఎంత చేసినా రాదు, వాయించాక పొడి గుడ్డతో తుడవడం మానొద్దు.

ఈ జాడకి చేతి సాక్ష్యం ఉంది. చిల్లీ పెప్పర్స్ 1984 మొదటి ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్, అంటే రికార్డింగు నడిపించినవాడు, గిల్ స్వయంగా. ఆ పని గొడవల మధ్య నడిచింది, బృందం తమ ధ్వనిని మరీ నునుపు చేశాడని మండిపడింది, అది వేరే కథ. ఫ్యూచర్‌హెడ్స్ 2004 మొదటి ఆల్బమ్‌లో కూడా అతని చెయ్యి ఉంది. మరి గిల్‌కి ఎక్కడిదీ తెగ్గొట్టే వాయింపు? డాక్టర్ ఫీల్‌గుడ్ బృందంలో విల్కో జాన్సన్ దగ్గరిది. ఆయన పంక్‌కన్నా ముందటి పబ్ రాక్ మనిషి. కాబట్టి ఈ కొమ్మ మొదలు పోస్ట్ పంక్‌లో లేదు.

హై-హ్యాట్ (డ్రమ్స్‌లో కాలితో తెరిచి మూసే జంట ఇత్తడి పళ్లేలు) దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. కిక్ డ్రమ్ నాలుగు దెబ్బలకీ సమంగా కొడుతూ, దెబ్బకీ దెబ్బకీ మధ్య హై-హ్యాట్‌ని కొద్దిగా తెరిచి 'త్స్' అనిపించి వెంటనే మూయడం 2002-2005 మధ్య వచ్చిన బృందాల ముద్ర. ద రాప్చర్, ఫ్రాంజ్ ఫెర్డినాండ్, బ్లాక్ పార్టీ అందరూ వాడారు. దీన్ని 'పోస్ట్ పంక్ తాళం' అన్నారు మీ వ్యాసంలో. అది డిస్కో తాళం. ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాట 'ద లవ్ ఐ లాస్ట్'లో వాయించాడు. లీడ్స్, మాంచెస్టర్ వాళ్లు అక్కణ్నుంచే ఎత్తుకొచ్చారు. మీ లెక్క ప్రకారం పోతే 1980ల్లో మన సినిమాల్లో వచ్చిన డిస్కో పాటలన్నీ పోస్ట్ పంక్ అయిపోతాయి, భీమవరం జాతరలో ఆర్కెస్ట్రా వాయించేది కూడా.

నేరుగా ఎత్తిన సందర్భాలు కావాలంటే ఉన్నాయి. వైర్ బృందం 1977 ఆల్బమ్ 'పింక్ ఫ్లాగ్'లో 21 పాటలు 35 నిమిషాల్లో అయిపోతాయి. అందులో 'త్రీ గర్ల్ రంబా' గిటార్ ముక్క 1994లో ఎలాస్టికా 'కనెక్షన్' పాటలో వచ్చి కూర్చుంది. వ్యవహారం కోర్టు బయట రాజీతో తేలింది. ఆర్.ఇ.ఎం. 1987లో వైర్ పాట 'స్ట్రేంజ్'ని తమ 'డాక్యుమెంట్' ఆల్బమ్‌లో పేరుపెట్టి మరీ పాడింది. ఇలాంటి వాటికి గట్టి గీత గీయొచ్చు.

నిర్వాణ గీత మాత్రం గట్టిది కాదు. 'కమ్ యాజ్ యు ఆర్' గిటార్ ముక్క కిల్లింగ్ జోక్ 1984 పాట 'ఎయిటీస్'కి బాగా దగ్గర. అక్కడిదాకా అందరూ చెబుతారు. 1982లో ద డ్యామ్‌డ్ బృందం పాట 'లైఫ్ గోజ్ ఆన్'లో అదే నడక ఉందన్న సంగతి ఎక్కువమంది చెప్పరు. మూడు పాటలూ పక్కపక్కన పెట్టి వింటే ఎవరు ఎవరిది తీశారో చెవితో తేల్చలేం. పైగా నిర్వాణ పాటలో నీళ్లలో ఊగినట్టుండే ధ్వని స్మాల్ క్లోన్ అనే కోరస్ పెడల్‌ది, అది ఎవడు కొనుక్కుని తొక్కినా వస్తుంది. కిల్లింగ్ జోక్ జాడ గట్టిగా దొరికేది ఇంకోచోట. మెటాలికా 1987లో వాళ్ల 'ద వెయిట్'ని రికార్డు చేసింది. నిర్వాణ డ్రమ్మర్ డేవ్ గ్రోల్ 2003లో కిల్లింగ్ జోక్ ఆల్బమ్‌కే డ్రమ్స్ వాయించాడు. జాయ్ డివిజన్‌కి గీత కావాలంటే 1994లో 'డెడ్ సోల్స్' పాడిన నైన్ ఇంచ్ నెయిల్స్‌కి గీయండి.

పెడల్ సంగతి వచ్చింది కాబట్టి డిలే గురించి. యు2 గిటారిస్ట్ ఎడ్జ్ వాయింపులో ఎకో ఒక రెండో గిటార్‌లా పనిచేస్తుంది. ఆ తర్వాత వచ్చిన స్టేడియం బృందాలన్నీ దాన్ని పట్టుకున్నాయి. అందులో రహస్యమంతా లెక్క. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ అంకెతో, భాగిస్తే ఒక దెబ్బకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. దాన్ని ముప్పావు చేయండి. 120 టెంపోకి దెబ్బ 500, డిలే 375. టెంపో 130 అయితే డిలే సుమారు 346. ఎకో ఒకట్రెండుసార్లకి మించి తిరిగి రాకుండా ఫీడ్‌బ్యాక్ తగ్గించి పెట్టుకోవాలి. డ్రమ్మర్ చెవిలో క్లిక్ (లెక్క చెప్పే టకటక) లేకుండా వాయిస్తే పాట మధ్యకొచ్చేసరికి టెంపో జరిగిపోతుంది, ఎకో డ్రమ్స్‌ని తన్నుకుంటూ వెనకబడుతుంది. అప్పుడు తప్పు పెడల్ మీదకి తోయడం మామూలే. ఈ లెక్కతో ఎవరు వాయించినా ఎడ్జ్‌లా ఉంటుంది. ఆ పోలిక పెట్టెది.

మీ వంశవృక్షంలో అసలే లేనివాళ్ల సంగతి మరీ అన్యాయం. ఒక్క ఆడవాళ్ల బృందం లేదు. ద స్లిట్స్ 1979 ఆల్బమ్ 'కట్'ని డెనిస్ బోవెల్ ప్రొడ్యూస్ చేశాడు. అతను ఇంగ్లండ్‌లో రెగె, డబ్ పనితనం తెలిసినవాడు. డబ్ అంటే కొత్త పాట రాయడం కాదు. రికార్డయిన పాటని మిక్సర్ మీద పెట్టి, గొంతునీ గిటార్‌నీ ఫేడర్‌తో దించేసి, బేస్, డ్రమ్స్ మాత్రం వదిలి, తెగిపోయిన మాట తోకని ఎకోలోకి తోయడం. జమైకాలో కింగ్ టబ్బీ మిక్సర్‌నే వాయిద్యం చేసి చూపించాడు. వోబుల్ బేస్, హానెట్ ఎకో, గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఖాళీలు, అన్నిటి కిందా ఈ వేరు పాకి ఉంది. వంశవృక్షం వేయాలనే ఉంటే మొదటి పేరు కింగ్‌స్టన్ నగరానిది కావాలి.

ఇక న్యూయార్క్ బ్రాంక్స్ అక్కాచెల్లెళ్ల బృందం ఇఎస్‌జి. 1981లో వీళ్ల 'యుఎఫ్ఓ' పాటని రికార్డు చేసింది ఇదే హానెట్. ఆ సైరన్ లాంటి గిటార్ మూలుగుని హిప్‌హాప్ వాళ్లు వేగం తగ్గించి లెక్కలేనన్ని పాటల్లో అతికించుకున్నారు. విసిగిపోయి 1992లో ఆ అక్కాచెల్లెళ్లు తమ రికార్డుకి పెట్టిన పేరు 'శాంపుల్ క్రెడిట్స్ డోంట్ పే అవర్ బిల్స్'. పేరు వేస్తే కరెంటు బిల్లు కట్టుకోలేం కదా మరి. అదే ఊళ్లో లిక్విడ్ లిక్విడ్ 'కావర్న్' బేస్ 1983లో 'వైట్ లైన్స్' అనే ర్యాప్ పాటకి వెన్నెముక అయింది. అయితే అది శాంపుల్ (పాత రికార్డు నుంచి కోసి అతికించిన ముక్క) కాదు, స్టూడియో వాద్యకారులు మళ్లీ వాయించింది. మీరు గిటార్ బృందాల్లోనే వారసుల్ని వెతికారు కానీ పోస్ట్ పంక్ నీళ్లు ఎక్కువ పారిన కాలువ ఇది.

ఎదురు జాడ కూడా ఒకటి చెప్పాలి. జాయ్ డివిజన్‌లో మిగిలినవాళ్లు కట్టిన న్యూ ఆర్డర్ 1983 'బ్లూ మండే'ని మీరు టెక్నోకి తల్లి అన్నారు. ఆ పాటకి ఏం ఎక్కడ తీసుకున్నదీ బృందం వాళ్లే చెప్పుకున్నారు. డిస్కో గాయకుడు సిల్వెస్టర్ దగ్గర బేస్ నడక, డోనా సమ్మర్ పాటలో డ్రమ్ దరువు, క్రాఫ్ట్‌వర్క్ 1975 'యురేనియం' నుంచి కోరస్ గొంతులు. తల్లి కన్నా దత్తత తల్లి అనడం మేలు.

చివర్లో ఇళయరాజా బేస్‌లో పోస్ట్ పంక్ గాలి వీచిందన్న వాక్యం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన పాటల్లో బేస్ వరసకి ఎదురు వరసలా నడుస్తుంది, నిజం. హుక్ బేస్ కూడా వరసలా నడుస్తుంది, అదీ నిజం. కానీ రాజాగారి మొదటి సినిమా 1976 మేలో వచ్చింది, అప్పటికి హుక్ బేస్ కొననే లేదు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి ఆయన. 1986 ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్'ని త్యాగరాజస్వామికీ బాహ్‌కీ అంకితం చేశారు. ఎదురు వరస బాహ్ సొత్తు. పి.గన్నవరంలో అక్విడక్టు మీద నిలబడి చూస్తే పైన కాలువ, కింద వైనతేయ. రెండూ గోదావరి నీళ్లే, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, అక్కడ చుక్క కూడా కలవదు.

సొంతంగా జాడ తీయాలనుకునే పాఠకులకి ఒకట్రెండు జాగ్రత్తలు. హెడ్‌ఫోన్స్‌తో వినండి. మొదట బేస్ ఒక్కటే పట్టుకుని పాట చివరిదాకా వెళ్లండి, రెండోసారి హై-హ్యాట్, మూడోసారి ఏ వాయిద్యం ఎప్పుడు ఆగిందో. గిటార్‌ని ఆఖర్న పెట్టుకోండి, పోలికలతో మోసం చేసేది ఎక్కువగా అదే. వాయిద్యాల్ని విడదీసే యాప్‌లు వాడేవాళ్లు అవి విడదీసి ఇచ్చే ట్రాక్‌ల్ని పూర్తిగా నమ్మొద్దు. స్నేర్ ఎకో వెళ్లి గొంతు ట్రాక్‌లో కూర్చుంటుంది, కోరస్ వేసిన గిటార్ కీబోర్డ్ అయిపోతుంది. టేప్ కాలం రికార్డుల్లో వేగం కాస్త అటూ ఇటూ ఉంటుంది, ట్యూనర్ రెండు స్వరాల మధ్య ఆగితే మీ గిటార్‌ని మెలితిప్పకుండా యాప్‌లో పాట వేగం సరిచేసుకోండి. రీమాస్టర్ (పాత రికార్డు ధ్వనిని మళ్లీ దిద్ది విడుదల చేసింది) కాకుండా మొదటి విడుదల దొరికితే అదే వినండి. చాలా రీమాస్టర్లలో చప్పుడంతా ఒకే ఎత్తుకి తెచ్చేసి ఖాళీలు పూడ్చేసి ఉంటారు. ఆ తర్వాత రికార్డు అట్ట మీద ప్రొడ్యూసర్ పేరు చదవండి.

వంశవృక్షం పక్కన వేసిన బొమ్మకి కూడా సవరణ వేయగలరు. నల్లటి బట్ట మీద తెల్లటి గీతలున్న ఆ బొమ్మని సంతలో టీషర్టుల మీద కూడా అమ్ముతున్నారు, అందరూ కొండలనుకుంటారు. మీరు కింద 'సముద్రపు అలలు' అని అచ్చు వేశారు. అది సిపి 1919 అనే పల్సార్, అంటే లయ తప్పకుండా రేడియో మిణుకులు పంపే నక్షత్రం. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొట్టమొదటి పల్సార్ అదే. సుమారు 1.34 సెకన్లకి ఒకసారి దాన్నుంచి వచ్చే రేడియో మిణుకుల్ని ఒకదాని కింద ఒకటి పేర్చిన పటం అది. ఖగోళ విజ్ఞాన పుస్తకంలో తెల్లకాగితం మీద నల్లగీతలుగా ఉన్నదాన్ని డిజైనర్ పీటర్ సావిల్ తిరగేసి 'అన్‌నోన్ ప్లెజర్స్' అట్ట మీద నల్లదాని మీద తెల్లగా వేశాడు.

ఇట్లు,
గిటార్, బేస్, డ్రమ్స్ వాయించే కొందరు పాఠకులు,
అమలాపురం